బొంగరం బండి

పని చెడగొట్టింది పావురాలు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆ డిజైన్ ఆఫీసులో ముందురోజు సాయంత్రం ఎవరో కిటికీ రెక్క వేయడం మరిచిపోయారు. పొద్దున హైందవి తాళం తీసి లోపలికి అడుగు పెట్టేసరికి రెండు పావురాలు బల్ల మీది నమూనాపైన తీరిగ్గా కూర్చుని ఉన్నాయి. చప్పట్లు కొడితే ఒకటి సరాసరి కిటికీలోంచి ఎగిరిపోయింది. రెండోది కంగారుపడి రెక్కతో కొట్టి మరీ పోయింది. ఇత్తడి తీగతో వంచిపెట్టిన మూడు లూపుల్లో పెద్దది పక్కకు ఒరిగిపోయింది.

హైందవి బ్యాగు కుర్చీకి తగిలించి, చున్నీ నడుముకు ముడేసుకుని, సన్నమూతి పట్టకారు తీసుకుంది. తీగను ఒక్క ఊపున లాగితే మెలికపడుతుంది. కొంచెం వంచి, బల్ల అంచుకు గడ్డం ఆనించి ఒంటికన్నుతో చూసి, మళ్లీ కొంచెం వంచుతోంది. ఆ తీగే రోలర్ కోస్టర్ పట్టా. దాని మీద చింతగింజంత బండ్లు వరసగా ఉన్నాయి. ఒక్కో బండి అడుగున చిన్న బేరింగు. బండి పట్టా మీద పరుగెత్తుతూనే తన చుట్టూ తాను బొంగరంలా తిరగాలి. తిరుగుతూనే లూపు ఎక్కాలి, తలకిందులు కావాలి, దిగాలి. నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదొక్కటే.

"పావురాలా మళ్ల?" అంటూ ప్రహ్లాద్ లోపలికి వచ్చాడు. ఆఫీసు ఆయనదే. వాళ్ల నాన్న బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం నడుపుతూనే సరదాకు ఒక రంగులరాట్నం కొన్నాడట. కొడుక్కి దుకాణం అబ్బలేదు, రాట్నం అబ్బింది.

"సరిచేస్తున్న సార్. మధ్యాహ్నంకల్ల అయిపోతది."

"జర జల్దీ కానీ. మన కోస్టర్ కట్టించే పార్కు వాళ్లు చెకింగ్‌కు మనిషిని పంపిస్తున్నరు, పుణె నుంచి. ఇయాల్నే వస్తడంట."

"వచ్చే వారం అన్నరు కద సార్?"

"అన్నరు. ఇప్పుడు ఇయాల అంటున్నరు. ఫికర్ చెయ్యకు, మనోడే. శ్రీపతి. యాదికున్నడా?"

"యాదికున్నడు సార్" అంది హైందవి. తీగ అప్పటికే సరిగ్గా వచ్చింది. అయినా ఆమె చేయి ఇంకొక్క వంపు వంచింది.

శ్రీపతి వచ్చేటప్పటికి పదకొండు దాటింది. గుమ్మం దగ్గర ఆగి, వంగి, బూట్ల లేసులు విప్పుతున్నాడు. ఇప్పుడా ఆఫీసులో ఎవరూ చెప్పులు విప్పరు. అతను ఇక్కడ పనిచేసిన రోజుల్లో విప్పేవాళ్లు. కణతల దగ్గర జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. మనిషి మాత్రం అదే పొడుగు, గుమ్మం దాటేటప్పుడు అదే వంగడం.

"ఎట్లున్నవ్ హైందవీ?"

"మంచిగున్న. నువ్వు?"

"నేను గూడ" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ బల్ల మీది నమూనా వైపు చూశారు. అతను మోకాళ్లు వంచి కూర్చుని, ఒక బండిని చూపుడువేలి గోరుతో తాకాడు. అది చప్పుడు లేకుండా గిర్రున తిరిగింది. చాలాసేపు ఆగలేదు.

"ఏం నూనె వేసినవ్?"

"వాచీల నూనె. కోఠీల గడియారాల ఆయన దగ్గర దొరికింది."

అతను నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. "లూపుల గూడ తిరుగుతదా ఇది?"

"తిరుగుతది."

"అక్కడ తిరగకుండ లాక్ పడదా?"

"లాక్ వేస్తే ఇంకేం మిగిలింది? మరీ తేజ్ తిరగకుండ అడుగున అయస్కాంతాలు పెట్టిన. లూపుల ముఖం ఎటున్నా సరే, బండి పోతనే ఉంటది."

శ్రీపతి ఆ బండినే ఇంకోసారి తిప్పి చూశాడు. ప్రహ్లాద్ ఉత్సాహంగా అతని భుజం తట్టాడు. "నీ ఐడియానే కద భాయ్! మన బొంగరం బండి ఇద్దరు కలిసి తయారు చేసిన్రు, చిన్నది. యాదికుందా? అప్పుడు గా గోడ మీద నువ్వు బొమ్మ గీసినవ్, బొంగరం పోయి లూపులెక్కినట్టు. సున్నం వేయిస్తుంటే హైందవి వద్దన్నది. ఫోటో తీసినంకనే వెయ్యనిచ్చింది. ఇగో, ఇన్నేండ్లకు చేసి చూపించింది."

హైందవి పట్టకారును సొరుగులో పెట్టి, సొరుగు మూసింది. చెవులు వేడెక్కాయి.

"గా బొమ్మ సంగతి నేను మర్చిపొయ్యిన సార్" అన్నాడు శ్రీపతి మెల్లగా. ఫైలు తీసుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా కాగితం తర్వాత కాగితం తిప్పుతూనే ఉన్నాడు. హైందవి తన బల్ల దగ్గర కూర్చుని కంప్యూటర్ తెర మీద అదే గీతను చెరిపి గీసి, చెరిపి గీసింది. వెళ్లేముందు అతను బూట్లు తొడుక్కుంటూ అడిగాడు. "లెక్కలు మంచిగున్నయ్. మనిషి కూసుంటే ఎట్లుంటదో చూడాలె. పరీక్ష కుర్చీ ఉన్నదా ఏమన్న?"

"నాంపల్లి షెడ్డుల ఉంది."

"రేపు పొద్దున పోదాం."

*

షెడ్డు నాంపల్లి స్టేషను రోడ్డు నుంచి లోపలికి పోయే గల్లీలో, ఒక ఫర్నిచర్ గోదాము పక్కన ఉంది. రేకుల తలుపు తోస్తే గ్రీజు వాసన, రంపపు పొట్టు వాసన కలిసి వచ్చాయి. మధ్యలో ఇనుప చట్రం. చట్రం లోపల ఒక కుర్చీ. చట్రం ముందుకూ వెనక్కూ వాలుతుంది, కుర్చీ తన చుట్టూ తాను తిరుగుతుంది. రెండింటికీ వేరువేరు మోటార్లు. ఇదంతా హైందవి స్వయంగా నిలబడి వెల్డింగ్ చేయించింది.

శ్రీపతి చట్రం చుట్టూ ఒకసారి తిరిగి, బోల్టులు వేళ్లతో తడిమి చూశాడు. "రెండు మోటార్లు ఒక్కసారే నడిపినవా?"

"నడిపిన. ఇసుక బస్తా కట్టి."

"నువ్వు కూసున్నవా?"

ఆమె మోటారు మీది దుమ్ము చేత్తో తుడిచింది. "తిరిగేది వేరే కూసున్న. వాలేది వేరే కూసున్న."

"రెండు కలిపి?"

"బస్తాతోటి చూసిన కద. బరువు ఎటు గుంజుతుందో అన్ని రీడింగులు వచ్చినయ్."

"బస్తాకు చెవులుండయ్ కద హైందవీ, తల తిరగనీకి" అన్నాడు అతను. ఎకసెక్కంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆమె కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని కుర్చీ ఎక్కింది. శ్రీపతి బెల్టులు బిగించాడు. ఒక్కో బెల్టునూ రెండుసార్లు గుంజి చూశాడు, ఎవరు కూర్చున్నా అలాగే చూస్తాడు. అతని చేతివేళ్ల మీద చిన్న చిన్న కాలిన మచ్చలు అలాగే ఉన్నాయి. ఆ మచ్చలు సోల్డరింగ్ చేసిన రోజులవి. ఆమె తల పక్కకు తిప్పుకుంది.

కుర్చీ తిరగడం మొదలైంది. మెల్లగా. కిటికీ, రేకుల తలుపు, బల్ల, శ్రీపతి. కిటికీ, తలుపు, బల్ల, శ్రీపతి. హాయిగా ఉంది. కాసేపటికి ఒంటికి తిరుగుతున్న సంగతే తెలియడం మానేసింది. "ఎట్లుంది?" అని అతను అడిగితే "మంచిగుంది" అని నవ్వింది కూడా.

అప్పుడు అతను రెండో మీట నొక్కాడు. చట్రం ముందుకు వాలింది.

ముందుకే వాలింది, పక్కకు కాదు. కానీ హైందవి పక్కకు పడిపోయింది. ఎవరో నేలను కిందినుంచి గుంజేసినట్టు, ఒళ్లంతా ఎడమవైపు దొర్లిపోతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ఎక్కడికీ పడటం లేదని కళ్లకు తెలుసు. ఒంటికి తెలియలేదు. ఆమె రెండు చేతులతో ఇనుమును గట్టిగా పట్టుకుంది. "బందు చెయ్యి" అనబోయి నోరు తెరిచేసరికి కడుపులోంచి పుల్లగా గొంతుదాకా వచ్చింది. అతను అప్పటికే రెండు మోటార్లూ ఆపేశాడు.

బెల్టులు విప్పుకుని దిగి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. తల మోకాళ్ల మధ్య పెట్టుకుంది. శ్రీపతి నీళ్ల సీసా మూత తీసి పక్కన పెట్టాడు. ఆమెను ముట్టుకోలేదు, కొంచెం దూరంలో తనూ నేల మీదే కూర్చున్నాడు.

"ఇది మెల్లగ వాలిందే" అన్నాడు చాలాసేపయ్యాక. "లూపుల ఇంతకు ఎన్ని రెట్లు తేజ్ వాలుతదో నీకే తెలుసు."

"ఔ" అంది హైందవి, తల ఎత్తకుండానే.

స్టేషను ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో మూల బల్ల దొరికింది. ఆమెకు చాయ్ వద్దంటే అతను నిమ్మకాయ సోడా చెప్పాడు. ఎవరో రైలు తప్పిపోతుందని సామాన్లతో లేచి పరుగెత్తారు. గ్లాసులు గలగలమన్నాయి.

"బొమ్మ నిజంగనే మర్చిపోయినవా?" అని అడిగింది.

"లేదు."

"మరి నిన్నెందుకట్లన్నవ్?"

అతను సాసరును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. "సార్ ముంగట ఏమంటా? నువ్వు దాన్ని ఇన్నేండ్లు మోస్తున్నవని నాకు తెల్వదు."

"మోసుడేంది? పని. అంతే."

"ఔ. పని." అతను మాట మార్చినట్టుగా చెప్పాడు. "మా హాసినికి ఎనిమిదేండ్లు. మొన్న పార్కుకు తీస్కపోయిన. పెద్ద కోస్టర్ ఎక్కుతనని ఏడ్చింది. ఎత్తు చాలలేదు, ఎక్కనియ్యలే. పక్కన చిన్నది, తిరిగే బండి ఎక్కించిన. వాళ్లమ్మ మనస్విని ఎక్కనన్నది, కటకటాల దగ్గర నిలబడ్డది. బండి తిరిగి అటు వచ్చినప్పుడల్లా హాసిని ఏమని ఒర్రిందో తెలుసా? 'అమ్మ వచ్చింది, అమ్మ పోయింది, అమ్మ వచ్చింది.' దిగినంక ఇంకోసారి, ఇంకోసారి."

హైందవి సోడాలో నిమ్మగింజను చెంచాతో వెతికి తీసి అంచున పెట్టింది. "నీకు ఆ రోజు అనిపించిందా, లూపుల తిరుగుడు వద్దని?"

"ఆ రోజే. తిరిగే బండ్ల మజా గదే. కనిపించింది పోతది, పోయింది మళ్ల కనిపిస్తది. లూపుది వేరే మజా. ఒక్కటే వస్తది ఎదురుగ, నీ మీదికి. దూరం నుంచి చూస్కుంట చూస్కుంట పోవాలె. లూపు ఎదురుగ వస్తున్నప్పుడు నీ ముఖం అటు తిప్పేస్తే నీకేం దొరికింది?" అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అయినా ఒక తోవ ఉంది. లూపుల దగ్గర లాక్ పెడదాం. లూపులు దాటినంక మళ్ల తిరుగుతది. బయటి దేశాల్లో ఇట్ల అట్ల సంభాళించి నడుపుతున్నరు. నేను 'సరిపోతది' అని చెప్త. నీ పని ఆగదు."

"నీకు నిజంగ సరిపోతదనిపిస్తున్నదా?"

శ్రీపతి కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడవడం అయిపోయినా వెంటనే పెట్టుకోలేదు.

"నాలుగేండ్ల పని హైందవీ నీది" అన్నాడు.

*

ఇంటికి వచ్చేసరికి తల్లి జంగమ్మ గడపలో పేపరు పరుచుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వాళ్లది నాంపల్లిలోనే, షెడ్డుకు నాలుగు గల్లీల అవతల ఉన్న కిరాయి ఇల్లు. హైందవి కాళ్లు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుని తనూ నాలుగు కాయలు తీసుకుంది.

"గా పొడుగు పిలగాడు వచ్చిండట కద?"

"నీకెవరు చెప్పిన్రు?"

"అంజన్ చెప్పిండు. పాల కోసం పోతే కలిసిండు." అంజన్ ప్రహ్లాద్ కంపెనీలో పాతకాలపు మనిషి. ఏటా నాంపల్లిలో పెట్టే ఎగ్జిబిషన్‌లో బొంగరం బండి నడిపేది అతనే. "పెండ్లాం పిల్లలు మంచిగున్నరా?"

"మంచిగున్నరు. ఒక బిడ్డ. హాసిని."

"నువ్వడిగినవా, ఆయన్నే చెప్పిండా?"

"ఆయన్నే చెప్పిండు."

జంగమ్మ ఒక కాయ విప్పి చూసి, పురుగుందని పక్కన పడేసింది. "నీ యంత్రం సంగతేందట?"

"పాసైతదంట."

"మరి గట్ల ముఖం పెట్టినవేంది?"

"తల తిరుగుతున్నది అమ్మా. పొద్దున ఆ కుర్చీ ఎక్కిన."

"ఇన్నేండ్లల్ల ఇయాల్నా ఎక్కుడు?" అంది జంగమ్మ. ఊరికే అంది. జవాబు కోసం ఆగకుండా కాయలు చాటలోకి ఎత్తుకుని లోపలికి పోయింది.

హైందవి ఖాళీ పేపరు ముందు అలాగే కూర్చుంది. తను తయారు చేసిన ఏ సీటైనా మొదట తనే ఎక్కి చూస్తుంది. పసిపిల్లల ఏనుగు బండిలో కూడా మోకాళ్లు ముడుచుకుని కూర్చుని చూసింది. ఆ ఒక్క కుర్చీ రెండు మోటార్లతో తిరిగినప్పుడే ఇసుక బస్తా ఎందుకు కట్టింది? తీరిక లేక కాదు. భయపడీ కాదు. ఎక్కితే ఏం తెలుస్తుందో లోపల ఎక్కడో తెలుసు. తెలిసిన రోజున పని ఆగిపోతుంది. పని నడుస్తున్నన్నాళ్లూ అది అతను మొదలుపెట్టిన పని. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అతని పేరు తీస్తారు. ఎప్పటికైనా అతను ఆ మెట్లెక్కి వచ్చి, ఏదీ చూపించు అంటాడు.

వచ్చాడు. చూపించింది. ఏం నూనె వేసినవని అడిగాడు.

గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్టు కాక కిక్కు కొడుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయేదాకా ఆమె వింటూ కూర్చుంది.

*

శనివారం మీటింగుకు పార్కు తరఫున సోమయాజులు అనే మేనేజరు వచ్చాడు. రాజమండ్రి వైపు మనిషి, అందరినీ గారూ అని పిలుస్తాడు. ప్రహ్లాద్ మౌజంజాహీ మార్కెట్ నుంచి పళ్లు తెప్పించి బల్ల మీద పెట్టించాడు. లూపుల నమూనా మధ్యలో మెరుస్తోంది.

శ్రీపతి లేచి నిలబడి చెప్పాడు. బలాల లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయనీ, లూపుల్లో మాత్రం బండి తిరగకుండా లాక్ వేయాలనీ, ఆ ఒక్క మార్పు చేస్తే తిరిగే బండ్లు ఈ పెద్ద కోస్టర్‌కు సరిపోతాయనీ. చెబుతున్నంతసేపూ అతను హైందవి వైపు చూడలేదు.

"ఇంకేం మరి! శుభం" అన్నాడు సోమయాజులు. "మావాళ్లు పేరు కూడా అనుకుంటున్నారండీ. హైందవి గారూ, మీకు అభినందనలు."

ప్రహ్లాద్ అరటిపండు తొక్క వలుస్తున్నాడు.

"సరిపోదు సార్" అంది హైందవి.

ఆ మాట ఆమె నోటినుంచి మెల్లగానే వచ్చింది. అయినా అందరూ ఆగిపోయారు.

"అదేమిటమ్మా? డిజైను మీదేగా?"

"నాదే సార్. అందుకే చెప్తున్న. మొన్నటిదాక తిరుగుడు, వాలుడు కలిపి నేను కూసోలేదు. నిన్న కూసున్న." ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "తిరిగే దాంట్ల తిరుగుడు మంచిగనే ఉంటది. వాలే దాంట్ల వాలుడు మంచిగనే ఉంటది. పాలు మంచియే, నిమ్మకాయ మంచిదే. కలిపితే విరుగుతయ్ సార్. లూపు ఎక్కేటోళ్లకు ఆకాశం ఎదురుగ రావాలె. గంతసేపు లైన్ల నిలబడేది దాని కోసమే."

"సరే, లాక్ పెడుతున్నాం కదా. శ్రీపతి గారు అదేగా చెప్పింది?"

"లాక్ పెడితే లూపులల్ల ఇది మామూలు బండే. తిరిగేది ఎక్కడ? ఆఖర్ల ఉన్న నాలుగు మలుపులల్ల. గా నాలుగు మలుపుల కోసం ఒక్కో బండికి ఎంత బరువు పెరుగుతదో చూడండి. రైలు లెక్క కలిపి పంపరాదు, ఒక్కొక్కటే పోవాలె. ప్రతి సారి లాక్ పడ్డదా లేదా చూడాలె, పడకపోతే లూపుకు ముంగట బండి ఆపాలె." ఆమె నమూనా మీదికి వంగి, బండ్లను ఒక్కొక్కటిగా తీగ మీదినుంచి తీసి బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. గోటితో ఎత్తి, అరచేతిలోకి, అరచేతిలోంచి బల్ల మీదికి. "పెద్దది పెద్దదాని లెక్కనే కట్టండి సార్. అందరు ముందుకు చూసేటట్టు. తిరిగే బండి తక్కువ ఎత్తుల, చిన్న చిన్న మలుపులల్లనే మంచిగుంటది. అదైతే అవ్వ గూడ ఎక్కుతది, మనుమరాలు గూడ ఎక్కుతది."

సోమయాజులు ప్రహ్లాద్ వైపు, శ్రీపతి వైపు చూశాడు. "రెండు కట్టే స్థలం లేదమ్మా మాకు. ఒకటే. లూపులు ఖాయం."

"అయితే తిరుగుడు తీసేద్దాం."

ఆయన గడ్డం గోక్కుంటూ కొంతసేపు ఆలోచించాడు. పైవాళ్లతో మాట్లాడతానన్నాడు. డిజైనరే వద్దంటుంటే కట్టించే ధైర్యం తనకైతే లేదన్నాడు. ఒక ద్రాక్షపండు నోట్లో వేసుకుని లేచాడు.

ఆయన్ను కిందిదాకా సాగనంపి వచ్చిన ప్రహ్లాద్ ముఖం ఎర్రగా ఉంది. "నాలుగేండ్లు హైందవీ! తిరిగే బండని చెప్పి ఎంతమంది ముంగట నేను డప్పు కొట్టిన! జర ముందుగాల తెలుసుకోవద్దా?"

"తెలుసుకోవాల్సుండె సార్."

ఆయన ఇంకా ఏదో అనబోయాడు. కిటికీ దగ్గరికి పోయి, రెక్క వేసి, గొళ్లెం పెట్టాడు. "మామూలు బండ్లకు డ్రాయింగులు ఎప్పటికైతయ్?" అన్నాడు అటు తిరిగే.

"సోమవారం మొదలు పెడ్త."

మెట్ల దగ్గర శ్రీపతి బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు, తొడుక్కోకుండా. "నేను పాస్ చేసిన కద" అన్నాడు. "నాకేం అడ్డం లేకుండె."

"తెలుసు."

"మరెందుకు?"

కింద అబిడ్స్ రోడ్డు మీద బస్సు హారను ఆగకుండా మోగుతోంది. హైందవి అది తగ్గేదాకా ఆగింది. "రేపు ఎప్పుడు నీ రైలు?"

"సాయంత్రం. నాంపల్లి నుంచే."

"ఎగ్జిబిషన్‌ల మన చిన్న బొంగరం నడుస్తున్నది. తెరవంగనే వస్తే ఒకసారి ఎక్కిపోవచ్చు."

అతను బూట్లలో కాళ్లు పెట్టాడు. "వస్త" అన్నాడు.

*

ఆదివారం ఎగ్జిబిషన్ గేట్లు తెరిచిన కాసేపటికే జనం కిక్కిరిశారు. కాశ్మీరు శాలువల దుకాణాల ముందు, మిర్చి బజ్జీల ముందు తోపులాట. రంగులరాట్నాల వైపు ఇంకా పలచగానే ఉంది. బొంగరం బండి దగ్గర అంజన్ పట్టాల కింద వంగి గొలుసుకు నూనె పోస్తున్నాడు. శ్రీపతిని చూసి చేతులు తుడుచుకుని పరుగున వచ్చాడు.

"సార్! మీరు పెట్టిన బేరింగులే సార్, ఇంక నడుస్తున్నయ్."

"నేను పెట్టినయా? ఇంక నడుస్తున్నయంటే నువ్వు చూసుకున్నవ్ అంజన్" అని శ్రీపతి అతని చేతులు పట్టుకున్నాడు.

బొంగరం బండిలో నాలుగు సీట్లు. రెండు ఇటు, రెండు అటు, వీపులు ఆనించి. హైందవి ఎక్కింది. శ్రీపతి ఆమె పక్క సీటు వైపు అడుగు వేశాడు.

"అటు కాదు సార్. ఇద్దరే ఉన్నరు, బరువు సమానంగ పడాలె. మేడమ్ ఇటు, మీరు అటు."

శ్రీపతి నవ్వి వెనక్కి తిరిగి ఎక్కాడు. ఇనుప పట్టీలు దిగాయి. మధ్యలో రేకు ఒక్కటే. అతను సర్దుకుని కూర్చుంటే ఆ కదలిక ఆమె వీపుకు తెలిసింది.

గొలుసు టకటకమంటూ బండిని పైకి ఎక్కించింది. పై అంచున బండి ఒక్క క్షణం నిలిచి, సోమరిగా పక్కకు తిరిగింది. ఆమె ముందునుంచి మెట్రో స్తంభాలు జరిగిపోయాయి, స్టేషను కప్పు జరిగిపోయింది, దర్గా గుమ్మటం వచ్చింది. అతనికి ఇప్పుడు ఏం కనిపిస్తోందో ఆమెకు తెలుసు. ఒక్క క్షణం కిందట తను చూసిందే. అతని ముఖం మాత్రం ఎంత తిరిగినా కనిపించదు. సీట్లు అలా పెట్టింది తామిద్దరే.

"హైందవీ!" అని వెనకనుంచి గట్టిగా అరిచాడు. "నిజం చెప్పు! అన్నేండ్లు ఎందుకు పట్టుకున్నవ్ దాన్ని?"

బండి అంచు దాటింది. వెనక బండిలో ఎవరో కాలేజీ అమ్మాయిలు ముందుగానే కేకలు మొదలుపెట్టారు. హైందవి పట్టీని రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న గాలికి చెప్పింది. "నువ్వొస్తవని. నువ్వెప్పటికన్న వస్తవని శ్రీపతీ. బండి కోసం కాదు."

బండి కిందికి దూకింది. మలుపు దగ్గర గిరుక్కున తిరిగింది, ఇంకో మలుపులో మళ్లీ తిరిగింది. రేకులు, చక్రాలు, కేకలు, కింద ఎవరో మైకులో పిల్లవాడు తప్పిపోయాడని చెబుతున్నారు. అంతా కలిసిపోయింది. ఆఖరి మలుపు తర్వాత బ్రేకు పడి ఇద్దరూ ముందుకు తూలారు. అంజన్ పట్టీలు లేపాడు.

శ్రీపతి దిగి, జుట్టు చేత్తో వెనక్కి దువ్వుకుని, ఆమె వైపు వచ్చాడు. రొప్పుతున్నాడు. "పైన ఏందో అన్నవ్?"

"బ్రేకు జర గట్టిగ పడుతున్నదన్న" అంది హైందవి. "మార్పియ్యాలె."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కూడా చూపు తిప్పుకోలేదు. అంజన్ ఆ బండిని చేత్తో నెట్టుకుంటూ ముందుకు పోయాడు.

"ఔ" అన్నాడు శ్రీపతి చివరికి. "గట్టిగనే పడుతున్నది."

అతను బ్యాగు భుజాన వేసుకున్నాడు. స్టేషను ఎంతో దూరం లేదు, నడిచే పోతానన్నాడు. గేటుదాకా వస్తానని ఆమె అనలేదు, రమ్మని అతనూ అనలేదు. శాలువల దుకాణాల దాకా ఆ తల అందరికంటే ఎత్తుగా కనిపించింది. అక్కడ జనంలో ఒకచోట దేనికో వంగింది, తర్వాత ఎటుపోయిందో తెలియలేదు.

"మేడమ్" అన్నాడు అంజన్. "బ్రేకు మొన్ననే మార్చినం కద?"

"ఔ అంజన్. మార్చినం."

అతను ఆమె వైపు చూసి, ఇంకేమీ అడగకుండా ఖాళీ బండి తెచ్చి ఆపాడు. "ఇంకోసారి ఎక్కుతరా? మంది ఇంక రాలే."

హైందవి ఎక్కి కూర్చుంది. వెనక సీట్లు రెండూ ఖాళీ. బరువంతా ఒక పక్కనే ఉంటే ఈ బండి ఎలా తిరుగుతుందో ఆమెకు లెక్కల్లో బాగా తెలుసు. ఇన్నేళ్లలో ఎక్కినప్పుడల్లా ఆమె చక్రాల చప్పుడు వింటూ, ఏ బోల్టు వదులైందా అని చెవులు రిక్కించి కూర్చునేది. ఈసారి పై అంచున కళ్లద్దాలు తీసి గుప్పిట్లో పట్టుకుంది. మొదటి మలుపులోనే బండి గిర్రున తిరిగింది. ఆగలేదు, ఇంకోసారి, ఇంకోసారి. స్టేషనేదో గుమ్మటమేదో తెలియకుండా నాంపల్లి అంతా ఒకటే రంగుల చార అయిపోయింది. కింద మీట పట్టుకుని నిలబడ్డ అంజన్ ఉలిక్కిపడి తల ఎత్తాడు. మేడమ్ అరవడం అతను ఎన్నడూ వినలేదు.